మూటమ్మకు కొత్త నడుము

కళ్ళు మూసుకోమంది మేకప్ చేసే ఆవిడ. మూసుకుంది. మెత్తటి కుంచె బుగ్గల మీద తిరుగుతుంటే, ఇంకొకరి కుంచె కింద తన మొహం ఉండడం ఇదే మొదటిసారి కదా అనిపించింది. ఇన్నేళ్ళూ తనే మొహాలు గీసింది, ముక్కులు సాగదీసింది, గడ్డాల కింద నీడలు వేసింది, కళ్ళ కింద ముడతలు పెట్టింది, పెట్టిన ముడతల్ని ఈమధ్యే తన చేత్తోనే చెరిపేసింది. "కళ్ళ కింద నల్లగా ఉందమ్మా, నిద్రపోవట్లేదా?" "పోతున్నానండీ." "మీరు పోతున్నారేమోగాని ఆ సంగతి మొహానికి తెలిసినట్టు లేదు. ఫరవాలేదు, కప్పేస్తా, కెమెరాకి తెలీదు." కప్పేయండి, అనుకుంది లోపల, ఈ భవనంలో అందరి పనీ అదే. ఇంకో గంటలో ప్రత్యక్ష ప్రసారం. తమ కంపెనీ వీడియో ఆట ఆడే జనమంతా ఎవరి తెర ముందు వాళ్ళు కూర్చుంటారు, పక్కన అందరూ కత్తెర అని పిలిచే పైఅధికారి నిలబడి "మూటమ్మను పుట్టించిన చేత్తోనే మూటమ్మకు కొత్త రూపం" అంటాడు, అప్పుడు తను నవ్వాలి. నవ్వుతుంది. వాడు కోరినట్టే నవ్వుతుంది. ఆ తరవాత వాడి నవ్వు ఆరిపోవడం మూరెడు దూరం నుంచి చూస్తుంది. అంత దగ్గర చోటు ఇంకెవరికి దొరుకుతుంది.

మూటమ్మను బొమ్మ అంటే మొదట్లో ఒళ్ళు మండేది. బొమ్మేమిటి, మనిషి. చీకటి సొరంగాల్లో దారి తప్పిన పిల్లను ఇల్లు చేర్చాలి, అదీ ఆట. పిల్లకు ముందు నడిచేది మూటమ్మ. తనకన్నా పెద్ద మూట వీపున వేసుకుని, ఎడమ భుజం కిందికి జారి, మెడ ఒకపక్కకు ఒరిగి, వెనకనుంచి చూస్తే మూట కింద రెండు కాళ్ళు తప్ప ఇంకేం కనపడేది కాదు. ఏం కావాలన్నా ఆ మూటలోంచే తీసేది, తాడు, దీపం, పొడిబట్టలు, ఒకసారి ఏకంగా నిచ్చెన. భూతం ఎదురొస్తే మూట దించి దాని మీద చతికిలబడి, "ఉండు నాయనా, ముందు నా కాళ్ళ నొప్పి తగ్గనీ, తరవాత నీ సంగతి చూస్తా" అనేది, భూతం కూడా ఏం చెయ్యాలో తోచక నిలబడేది. ఆ మాట పిల్లలు బళ్ళల్లో అనుకున్నారు. వాళ్ళ అమ్మలు వంటిళ్ళలో అనుకున్నారు. చీకటి గదిలో ఒంటరిగా పడుకోవడానికి భయపడే పిల్లవాడొకడు, మూటమ్మ ముందు ఉంది కదా అనుకుంటే నిద్రొస్తోందని కంపెనీకి రాయించి పంపాడు. ఆ కాగితం తన బల్ల ముందు గోడకు అంటించుకుంటే, కొత్త యాజమాన్యం వచ్చాక గోడలకు రంగులేయిస్తూ ఎవరో పీకి పారేశారు. ఎవరు పీకారని అడగలేదు తను. నోట్లో నాలుక లేని మనిషి అని పేరు. పేరు మంచిదే, దాని వెనక ఎన్నైనా దాచుకోవచ్చు.

మూటమ్మ ఎక్కడినుంచి వచ్చిందో కత్తెరకు తెలుసు. తెలియనివాడైతే ఇంత మంట ఉండేది కాదు, తెలియనివాణ్ణి ఏమని తిట్టుకుంటాం. అమ్మ పోయాక అక్కే పెంచింది తనను, హోటళ్ళలో మాసిన దుప్పట్లు మూటగట్టి లాండ్రీకి మోసే పని అక్కది. బడి వదలగానే తను వెళ్ళి అక్క వెనక నడిచేది. ముందు మూట, మూట కింద పగిలిన మడమలు, అంతే అక్క అంటే. వాన మొదలైతే "దూరవే లోపలికి" అనేది, మూట చూరు కింద ఇద్దరూ నడిచేవాళ్ళు, పైన ఎవరెవరో పడుకుని లేచిన దుప్పట్ల వాసన, లాండ్రీ తలుపు తియ్యగానే సబ్బు ఆవిరి, ఇస్త్రీ బల్లల వేడి, మొహం ఉడికిపోయేది. అక్క భుజం ఎప్పుడు జారడం మొదలైందో ఎవరూ చూడలేదు, చూసేసరికి జారిపోయి ఉంది. దుప్పట్లు చుట్టి పంపే కాగితం ముక్కల మీద మొదటిసారి గీసింది ఆ మూటనే, కాళ్ళు తరవాత పెట్టింది, మొహం అయితే ఎన్నో ఏళ్ళకు గాని పెట్టలేదు. కత్తెర ఉద్యోగంలో చేరిన కొత్తలో ఉండడానికి గది దొరకక అక్క ఇంటి ముందుగదిలో నెలల తరబడి పడుకున్నాడు. తనను "అక్కా" అన్నాడు, అక్కను "పెద్దక్కా" అన్నాడు. ఉద్యోగానికి వెళ్ళే మొదటిరోజు వాడి చొక్కా అక్కే ఇస్త్రీ చేసింది, కాలరు నిలబడేలా. అదే చొక్కా తొడుక్కుని తన పక్క కుర్చీలో కూర్చుని, ఎవరేం గీసినా తొంగిచూసి "ఇది తీసేస్తే ఎలా ఉంటుంది, అది తీసేస్తే ఎలా ఉంటుంది" అనేవాడు, అందుకే అందరూ కలిసి ఆ పేరు పెట్టారు, వాడూ నవ్వుతూ పెట్టించుకున్నాడు. గీయడం రాదు వాడికి. తియ్యడం వచ్చు. తియ్యడం వచ్చినవాళ్ళు పైకి పోతారు కాబోలు, వాడు పోయాడు, పెద్దగదిలో పెద్ద కుర్చీలో కూర్చున్నాడు.

"తల కొంచెం పైకి" అంది మేకప్ చేసే ఆవిడ. గడ్డం కింద కుంచె. ఆ మీటింగు రోజు కూడా తల పైకే ఉంది తనది, తెర మీద మూటమ్మ, బల్ల చుట్టూ కొత్త ఆటగాళ్ళ మనసు కనిపెట్టడానికి వచ్చిన సర్వే మనుషులు, మెడలో కార్డులు వేలాడేసుకుని. పడుచు పిల్లలు ఈవిడ వైపు చూడట్లేదండీ, అన్నారొకరు. వయసు అడ్డం వస్తోంది, అన్నారింకొకరు. అప్పుడు కత్తెర కుర్చీ వెనక్కి వాల్చి, "నిజమేగా, ఎవరింట్లోనో పనిమనిషి పని మానేసి వెళ్ళిపోతున్నట్టుంది" అన్నాడు. అందరూ నవ్వారు. తనూ నవ్వింది. అక్కడే ఉంది ముల్లు. వాడన్న మాట కాదు, వాడు అలాగే అంటాడు. పక్కవాళ్ళు నవ్వుతున్నారు కదా అని తన పెదవులు వాటంతటవే సాగాయి చూడు, ఆ సాగిన పెదవులు ఇంటికొచ్చినా మామూలుగా కాలేదు, అద్దంలో చూసుకుంటే అలాగే ఉన్నట్టనిపించింది. ఆ నవ్వుకు కూడా వాడే సమాధానం చెప్పాలి. నాది నేను క్షమించుకుంటాను గాని వాడికి మాత్రం కట్టాల్సింది కట్టే పోతాను, అనుకుంది ఆ రోజు, దంతాల మధ్య దువ్వెన పట్టుకుని.

తరవాత రోజుకొకటి. భుజం లేపుదాం అన్నాడు, లేపింది. మూట మరీ పెద్దది అన్నాడు, చిన్నది చేసింది. ఇంకా చిన్నది. అసలు మూటెందుకు, నడుముకు ఒక సంచీ కడితే చాలదా, చురుగ్గా ఉంటుంది అన్నాడు, కట్టింది. నడుము కనిపించడం లేదు అన్నాడు, కనిపించేలా చేసింది. చతికిలబడే మాట ఎత్తేశాడు, కొత్త మూటమ్మకు కాళ్ళ నొప్పులు ఉండవట, ఆవిడ గెంతుతుందట. పాత అభిమానులు గోల చేస్తారేమో అని ఒకామె సణిగితే, "అక్క చెయ్యి పడ్డాక ఎవరూ నోరెత్తరు, ఆవిడ పేరే మనకు గొడుగు" అన్నాడు. గొడుగట. తను అన్నిటికీ సరే అంది. ఎదురు చెప్పలేదు, మొహం ముడుచుకోలేదు, ఒక్క గీత కూడా దొంగతనంగా మిగుల్చుకోలేదు. చెప్పింది చెప్పినట్టు చెయ్యడంలో ఎంత పగ పట్టొచ్చో అప్పుడే తెలిసింది. వాడు మెచ్చుకున్నకొద్దీ కడుపులో చల్లగా ఉండేది. ఇంకా అడుగు నాయనా, ఇంకా తియ్యి, నువ్వు తీసిందల్లా నీ మెడకే చుడతాను.

ఎలా చుట్టాలో తోచింది మాత్రం వాడి వల్లే. ఎక్కడో సభలో వాడు మాట్లాడుతుంటే రికార్డు చేసినది ఆఫీసులో అందరికీ పంపారు, అందులో నీడ పరీక్ష గురించి గొప్పగా చెబుతున్నాడు. బొమ్మ మొత్తానికి నల్లరంగు పూసెయ్యాలి, కళ్ళూ ముక్కూ రంగులూ ఏవీ కనపడకూడదు, ఉత్త ఆకారం చూసి ఫలానా మనిషి అని చెప్పగలగాలి, చెప్పలేకపోతే ఆ బొమ్మ చింపెయ్యాలి అని, తనే కనిపెట్టినట్టు. అది వాడికి నేర్పింది తను. అక్క ముందుగదిలో, కరెంటు పోతే దీపం వెనక చెయ్యి పెట్టి గోడ మీద చూపించి మరీ నేర్పింది. అది వింటుంటే ఒంటికి కారం పూసినట్టయింది, ఆ మంటలోనే ఇంకో సంగతి తట్టింది. కొత్త మూటమ్మకు ఆ పరీక్ష ఎవరూ పెట్టలేదు. సర్వే మనుషులు జనానికి చూపించింది మొహం ఒక్కటే, పడుచుపిల్లలు ఏ కళ్ళు బాగున్నాయంటారు, ఏ జుట్టు బాగుందంటారు. గోడ మీద పెట్టినప్పుడల్లా పక్కన ఆట పేరు పెద్ద అక్షరాల్లో ఉండేది, పేరు ఉంటే ఎవరైనా గుర్తుపడతారు. ఇన్ని నెలలు ఇంతమంది చూశారు, మొహం కిందికి ఎవరూ చూడలేదు. అంతే. ఈ సంవత్సరం రాబోతున్న వేరే వేరే ఆటల్లోని పడుచు నాయికల ఆకారాలు ఏరి, అన్నిటికీ నల్లరంగు పూసి, మధ్యలో కొత్త మూటమ్మను నిలబెట్టి ఒక వరుస తయారుచేసింది. ప్రసారం చివర్లో నీడ పరీక్ష చూపిద్దాం, జనానికి సరదాగా ఉంటుంది అంటే కత్తెర ఎగిరి గంతేశాడు, అది వాడికి ఇష్టమైన ముచ్చట కదా. ఇంతమంది చూస్తుండగా అడుగుతుంది, మనది ఏదో చూపించు తమ్ముడూ అని. అంతకన్నా ఒక్క మాట ఎక్కువ అనదు.

తలుపు తోసుకుని వచ్చాడు. అత్తరు వాసన ముందొచ్చింది. "అక్కా, రెడీనా? అబ్బ, మేకప్పులో నిన్ను గుర్తే పట్టలేకపోయాను."

"నీకది అలవాటేలే."

నవ్వాడు. మాట తగల్లేదు, జారి కింద పడింది, పడనీ. మేకప్ చేసే ఆవిడ మాత్రం అద్దంలోంచి ఒకసారి తన కళ్ళలోకి చూసి, పౌడరు డబ్బా మూత పెట్టుకుని బయటికి వెళ్ళిపోయింది. వాడు బల్ల అంచున కూర్చున్నాడు. చేతులు రుద్దుకుంటున్నాడు, చలికి కాదు. "ఇవాళ ఇది నిలబడాలి అక్కా. పైవాళ్ళందరూ చూస్తున్నారు. ఇది పోతే నేనూ పోయినట్టే."

"పోదులే."

"నువ్వలా అంటే ధైర్యంగా ఉంటుంది. ఆ నీడల ముక్కలో నన్నేం అడుగుతావో ముందే చెప్పొచ్చుగా?"

"చెప్పేస్తే సరదా ఏముంది? నువ్వు దగ్గరుండి చేయించిన బొమ్మ, నీకు తెలీదా?"

"అదీ నిజమే." లేచాడు. గుమ్మం దగ్గర ఆగాడు. "పెద్దక్క చూస్తోందా?"

"చూస్తోంది."

"అడిగానని చెప్పు."

చెప్తా, అంది. తలుపు మూసుకుంది. అడిగానని చెప్పు, అడిగానని చెప్పు, ఎంత తేలిగ్గా అన్నాడు, పనిమనిషి అన్న నోటితోనే. వాడి మెడ మీద చెమట కనిపించింది, కాలరు తడిసింది. జాలి వస్తుందేమో అని ఒక్క క్షణం ఆగి చూసుకుంది, ఎక్కడైనా మూలన ఉంటే వస్తుంది కదా. రాలేదు. చెమట ఇంకొంచెం పట్టి ఉంటే బాగుండు అనిపించింది. అప్పుడు ఫోను మోగింది, అక్క.

"తిన్నావా చిన్నీ?"

"తిన్నా."

"అబద్ధాలాడకు. సరేగాని, పక్కింటి పిల్ల ఫోన్లో ఏదో బొమ్మ చూపించిందే, మీ ఆఫీసుదేనంట, ముందే బయటికి పొక్కేసిందంట. ఎవరే ఆ పిల్ల? గాలొస్తే ఎగిరిపోయేట్టుంది."

"మూటమ్మే అక్కా."

వెనక పంపులో నీళ్ళు పడుతున్న చప్పుడు. "మూటేదీ?"

"తీసేశారు."

"భుజం?"

"బాగుచేశారు."

"నాకు చెయ్యమంటే ఏ డాక్టరూ చెయ్యలేదు. ఆ డాక్టరెవరో చెప్పు, నేనూ పోతా. ఆ నడుము కూడా ఇప్పించు, కూర్చుంటే లేవలేక చస్తున్నా." నవ్వింది అక్క, ఎప్పట్లాగే దగ్గుతో కలిపి.

"అక్కా, వాడే. మన ముందుగదిలో పడుకున్నాడు చూడు, వాడే చేయించాడు ఇదంతా."

"వాడికి గీయడం వచ్చేసిందా?"

"రాలేదు. నేనే గీశా."

"ఓహో."

"చెప్పినట్టు చెయ్యాలి కదా అక్కా. ఉద్యోగం. అయినా చూడు, ఇవాళ వాణ్ణి..."

"నేనేమన్నా అన్నానా? అంత బరువున్న మనిషిని అంత పీలగా గీస్తుంటే నీ చెయ్యి నొప్పి పుట్టలేదా అని అడుగుదామనుకున్నా, అంతే. పెట్టేస్తున్నా, నీళ్ళు నిండిపోతున్నాయి."

ఫోను పెట్టేసింది. పంపు కట్టేసి బిందె పక్కకు జరుపుకుంటూ ఉంటుంది ఇప్పుడు, ఆ మాట అన్నానని కూడా మరిచిపోయి ఉంటుంది. నొప్పి. చెయ్యి. తను కుడిచెయ్యి తిప్పి చూసుకుంది, వేళ్ళ కణుపులు, కలం పట్టే చోట గట్టిపడిన చర్మం. మొదటి మూటమ్మను గీసినన్నాళ్ళూ నొప్పిపుట్టింది, మూట బరువు కాగితం మీదికి రావాలంటే గీతను అదిమిపట్టి లాగాలి, రాత్రికి మణికట్టు వాచేది, అక్క వేడినీళ్ళ గుడ్డ చుట్టేది. మరి ఈసారి? లేదు. ఒక్కరోజు కూడా లేదు. పగతో చేస్తున్నాననుకుంది కదా, పళ్ళు బిగించి, తిట్టుకుంటూ. పళ్ళు బిగిసే ఉన్నాయి, చెయ్యి మాత్రం హాయిగా తిరిగింది. ఆ నడుము గీత అయితే ఒక్క లాగులో వచ్చింది, వెన్న మీద చాకు దిగినట్టు, వచ్చాక ఇంత నున్నగా వచ్చిందేమిటని కాసేపు చూస్తూ కూర్చుంది కూడా. ఎవరూ చూడకపోతే మెచ్చుకునేదే. ఛీ. లేదు, మెచ్చుకుంది. ఎవరూ లేరు, మెచ్చుకుంది.

ఫోనులో ఉన్న నీడల వరుస తెరిచింది, ఏదో ఒకటి చూద్దామని, వాడి మొహం ఎలా మాడిపోతుందో ఊహించుకుంటే ఈ వికారం తగ్గుతుందని. నల్లటి పడుచులు వరుసగా నిలబడి ఉన్నారు, ఒకరిని మించి ఒకరు గెంతడానికి సిద్ధంగా. మనది ఇదిగో, అని వేలు పెట్టింది. పెద్దది చేసి చూసింది. కాదు. దాని నడుముకు సంచీ లేదు, చెయ్యి మడతే సంచీలా కనిపించింది. సంచీలు ఇంకా చాలామందికి ఉన్నాయి. సరే, ఇది. ఇదీ కాదు, దీనికి చేతిలో ఏదో ఉంది. అద్దం చుట్టూ బల్బులు, బల్బుల వేడి, మొహం మీద పౌడరు కింద చెమట కదిలింది. ఈ వరుస పెట్టిందే తను. ఎడమనుంచి ఎన్నోదో గుర్తుంటే తెలిసేది, గుర్తు లేదు. గీసిన మనిషి చూడగానే పట్టెయ్యాలి కదా, తల్లికి బిడ్డ నడకైనా చాలదూ. వాడు పట్టలేడని ఇన్ని వారాలు పండగ చేసుకుంటోంది, చీకట్లో నోరు మూసుకుని నవ్వుకుంటూ. ఇప్పుడు ఎవర్ని చూసి నవ్వాలి. తియ్యమన్నది వాడు, నిజమే. తీసింది ఈ చెయ్యి, మూట తీసింది, భుజం తీసింది, అక్కను ఎముకా మాంసం లేకుండా వలిచేసింది, నొప్పి లేకుండా. ఇవాళ వాణ్ణొక్కణ్ణే నిలదీస్తే జనం ఏమంటారు? పాపం వాడికి తెలీదు, గీసినావిడకు తెలుసుగా, ఆవిడ చెయ్యి పడిందిగా అంటారు. గొడుగు. వాడు తడిసినా రేపటికి ఆరిపోతాడు, మళ్ళీ తన పేరు కిందే దూరి నిలబడతాడు. గొడుగు ఉన్నంతవరకు వాడు పూర్తిగా తడవడు.

లేచింది. కుర్చీ కీచుమంది. పక్క గదిలో తెర నడిపే అమ్మాయి తీగలు సర్దుకుంటోంది. "అమ్మాయీ, నీడల బొమ్మ ఉంది చూడు, దాని వరుస మార్చెయ్యి. కొందర్ని అటు తిప్పు. ఏది ఎక్కడ పెట్టావో నీకు తప్ప ఎవరికీ తెలియకూడదు."

"సార్‌కి కూడానా అండీ?"

"సార్‌కీ వద్దు. నాకూ వద్దు."

ఆ అమ్మాయి వింతగా చూసింది గాని పని మొదలుపెట్టింది. తను అటు తిరిగి నిలబడింది, కిటికీకి మొహం పెట్టి, అవతల ఎవరో సైకిలు నడిపించుకుంటూ పోతున్నారు. ఇది చేస్తే రేపు ఈ గుమ్మం తొక్కనివ్వరు. ఇంకెక్కడైనా తొక్కనిస్తారా అంటే అదీ అనుమానమే, సొంత బొమ్మను గుర్తుపట్టలేని ఆవిడ అని వేలెత్తి చూపిస్తారు, ఆ మాట తన కన్నా ముందే నడిచి ప్రతి ఆఫీసుకూ చేరుతుంది. చేరనీ.

దీపాలు మొహాన కొట్టాయి. కెమెరా మీద ఎర్రటి చుక్క వెలిగింది. కత్తెర మాట్లాడుతున్నాడు, బాగా మాట్లాడతాడు, అభిమానం అన్నాడు, మార్పు అన్నాడు, పుట్టించిన చేత్తోనే అన్నాడు, కొత్త మూటమ్మ తెర మీద రంగురంగుల్లో గెంతింది, పక్కన ఆట పేరు. తను నవ్వింది. ఇంక అక్కగారు మీకొక సరదా చూపిస్తారు, నేను ఎప్పుడూ చెబుతుంటాను కదా నీడ పరీక్ష అని, అంటూ చెయ్యి చాచాడు. తెర నిండా నల్లటి ఆకారాలు. "వీళ్ళల్లో మన కొత్త మూటమ్మ ఒకతె" అంది తను. కత్తెర ముందుకు ఒక అడుగు వేశాడు, హుషారుగా, తననే పిలుస్తుందనుకుని. "ఉండు. ముందు నేను" అంది.

తెర దగ్గరకు నడిచింది. ఈ చివరనుంచి ఆ చివరకు చూసింది, నిజంగానే చూసింది, దొరికితే బాగుండునని ఆఖరి నిమిషంలో ఎంత ఆశ పుట్టిందో. భుజాలు చూసింది. అన్ని భుజాలూ నిటారుగా ఉన్నాయి. ఒకదాని మీద వేలు పెట్టింది.

తీగల మధ్య కూర్చున్న అమ్మాయి తల అడ్డంగా ఊపింది. "అది... మనది కాదండీ."

కత్తెర నవ్వు మొదలుపెట్టాడు, పెద్దగా, అందరినీ కలుపుకుందామని. "అక్క మీతో హాస్యమాడుతున్నారు..."

"హాస్యం కాదు" అంది, కెమెరాలోకి చూస్తూ. "పుట్టించింది నేనే. దాన్ని ఇలా చేసిందీ నేనే, ఈ చేత్తోనే. నాకు దొరకలేదు." కెమెరా వెనక ఒకతను చెవిలో మాట వింటూ చెయ్యి గాల్లో ఉంచాడు, ఆపాలో వద్దో తెలియక. ఎర్రటి చుక్క వెలుగుతూనే ఉంది. తను వాడి వైపు తిరిగింది. వాడి కళ్ళు తెర మీద పరిగెడుతున్నాయి, ఒక చివరనుంచి ఇంకో చివరకు, మళ్ళీ వెనక్కి.

"నాకైతే దొరకలేదు తమ్ముడూ. చేయించినవాడివి, రా, నువ్వు చూపించు" అని, వాడికి చోటిస్తూ పక్కకు జరిగింది.